విప్పిన మేళమును మరల కట్టుట

నాటక సమాజములవారు ఒక యూరినుండి మరియొక యూరికి తరలుట చూచిన పెద్దలు మీలో పలువురుందురు. రాత్రి ఆట ముగియగానే తెరలు చుట్టుదురు. కిరీటములను పెట్టెలలో సర్దుదురు. హార్మోనియమునకు గుడ్డ కప్పుదురు. మరునాడు వేరొక యూర పందిరి లేచునప్పటికి ఆ సామానంతయు మునుపెట్లుండెనో అట్లే కుదురుకొనవలెను. ఏ తెర వెనుక ఏ తెర పడవలెను, హార్మోనియము ఏ ప్రక్క నుండవలెను, ఏ దీపము ఏ గుంజకు కట్టవలెను అను సంగతి యంతయు ఒక్క మనుష్యుని తలలో నుండును. ఆతని పేరు కరపత్రములో అచ్చుకాదు. ఆతనికి జ్వరము తగిలిననాడు గాని ఆతని విలువ సమాజమునకు తెలియదు.

కంప్యూటరుపై సంగీతము కూర్చువారికి కూడ అట్టి మనిషి యొకడు కావలసి వచ్చెను. ఆ పనికై వ్రాయబడిన ప్రోగ్రామును సెషన్ మేనేజరు అందురు. లినక్సు అను వ్యవస్థలో ఆ ప్రోగ్రాము నిలదొక్కుకొనుటకు సుమారు ఇరువది సంవత్సరములు పట్టినది. ఒకటి పుట్టి మూలబడుట, వేరొకటి దాని చోటికి వచ్చుట, ఉన్నవానిలో దేనిని ఎన్నుకొనవలెనో తెలియక జనులు తికమకపడుట, ఎన్నుకొన్నదానిని మూటగట్టి అందించువారు దొరకకపోవుట, ఇట్టివి పెక్కు జరిగినవి. ఆ చరిత్రను నేడు మీతో ముచ్చటించెదను.

ముందుగా లినక్సును గూర్చి రెండు మాటలు. 1983లో అమెరికా దేశమున రిచర్డ్ స్టాల్మన్ అనునాయన గ్నూ అను పేర స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమమును ప్రకటించెను. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, యంత్రమునకును ప్రోగ్రాములకును నడుమ నిలిచి పనులు పంచిపెట్టు మూలప్రోగ్రామును వ్రాసి లోకమున కిచ్చెను. ఈ రెండును కలిసినవి. వీని నియమమేమనగా, ప్రోగ్రాము వ్రాతను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని పంచవచ్చును. అయితే పంచువాడు తాను పొందిన హక్కులనే పుచ్చుకొనువానికిని ఈయవలెను. మన యూళ్లలోని ఉమ్మడి చెరువువంటిదని తలపవచ్చును. నీరు అందరిది, పూడిక తీయుటకు మాత్రము ఎవరో ఒకరు పార పట్టవలెను. నేను చెప్పబోవునది ముఖ్యముగా పార పట్టినవారి కథ.

ఇక సంగీతము సంగతి. తొలిదినములలో ఒక ప్రోగ్రాము ధ్వనియంత్రమును పట్టుకొన్నచో రెండవదానికి తావుండెడిది కాదు. మద్దెల వాయించు ప్రోగ్రామొకటి, తంబుర వలె శ్రుతి నిచ్చు ప్రోగ్రామొకటి, రికార్డు చేయు ప్రోగ్రామొకటి యుండినను, అవి యొకదాని నాదమును మరియొకటి వినలేకుండెను. ఆర్డోర్ అను రికార్డింగు ప్రోగ్రామును వ్రాయుచుండిన పాల్ డేవిస్ ఈ లోటును గుర్తించి, తోటివారితో కలిసి 2002 ప్రాంతమున జాక్ అను దానిని లోకమునకు తెచ్చెను. జాక్ ప్రోగ్రాముల నడుమ తీగలవంటి కలయికలు కల్పించును. అన్నింటిని ఒకే తాళమున నడుపును. సెకనునకు 48,000 నమూనాల చొప్పున నడచునప్పుడు 256 నమూనాల విడత యొకటి యొక ప్రోగ్రామునుండి మరియొకదానికి అందుటకు పట్టునది సెకనులో వేయింట అయిదు భాగములకు కొంచెము ఎక్కువ. రెప్పపాటులో పదియవ వంతు కూడ కాదు. అందుచేత పాడువానికి తన గొంతు వెనుకబడి వినవచ్చుచున్నదన్న బాధ తప్పినది.

దీనితో లినక్సు సంగీతకారులకొక గొప్ప వీలు కలిగెను. హైడ్రోజన్ అను ప్రోగ్రాము డోళ్లు, తాళములు వాయించును. జిన్-యాడ్-సబ్-ఎఫెక్స్ అను విచిత్రనామము గలది (దానిని రొమేనియా దేశపు నాస్కా ఒక్టావియన్ పాల్ వ్రాసెను) అనేక విధములైన స్వరములను పుట్టించును. గిటారు నాదమునకు మెరుగు పెట్టునది వేరొకటి. ఇట్లు చిన్న చిన్న ప్రోగ్రాములను నచ్చినట్లు ఎన్నుకొని, తీగలు కలిపి, ఒక మేళముగా నిలుపవచ్చును. ఒకే పెద్ద ప్రోగ్రామునకు దాసులు కానక్కరలేదు.

అయితే రాత్రి కంప్యూటరును ఆర్పగానే మేళమంతయు విడిపోవును. ప్రతి ప్రోగ్రామును తన ఫైలును తాను వేరుగా దాచుకొనవలెను. తీగల కలయికను దాచువారెవరును లేరు. మరునాడు ఆరేడు ప్రోగ్రాములను ఒక్కొక్కదానిగా తెరచి, ఒక్కొక్కదానికి దాని ఫైలును చూపి, ఇరువది ముప్పది తీగలను జ్ఞాపకము మీద కలుపవలెను. ఒక్క తీగ తప్పినచో పాట మూగపోవును. లేదా రెండింతలై చెవులు పగులగొట్టును.

ఇందులో నేను స్వయముగా నష్టపడితిని గనుక చెప్పుచున్నాను. 2009లో మా ప్రాంతమున తత్త్వములు పాడు వృద్ధుడొకరి చేత ఏకతారతో పదునొకండు తత్త్వములు పాడించి రికార్డు చేసితిని. వారి గొంతునకు క్రింద సన్నని శ్రుతి నుంచి, గుడి మంటపములో పాడినట్లు కొంచెము ప్రతిధ్వని చేర్చి, మూడు రాత్రులు కూర్చుండి ఒక యమరిక కుదిర్చితిని. వారు విని, "ఇది నేనే పాడినట్లున్నది" అని నవ్విరి. ఆ యమరికను నేను కాగితముపై వ్రాసికొనలేదు. అది నా యలసత్వమే. నెలకు తెరచి చూతును గదా, గొంతు ఉన్నది, శ్రుతి ఉన్నది, వాని నడుమ సంబంధము లేదు. ఎన్ని విధముల కలిపినను ఆ మంటపము మరల రాలేదు. మరుసటి యేడు ఆ పెద్దవారు కాలము చేసిరి. సరిపోయినదా లేదా యని చెప్పవలసిన చెవులు పోయినవి.

ఇట్టి నష్టము పొందినవాడను నేనొక్కడనే కాదు. అందుకే ఈ పని చాలమందిని పీడించెను. మొదట పూనుకొన్నవాడు బాబ్ హామ్. 2000 దాటిన తొలి సంవత్సరములలో ఆయన లాడ్కా అను దానిని వ్రాసెను. తరువాత దానికి లాష్ అని పేరు మార్చిరి. (ఈ లోకములో పేర్లు వేడుకగా నుండును. లాష్ అను పేరులోని మొదటి అక్షరమునకు అర్థమేమని యడిగినచో, లాష్ అనియే చెప్పుదురు. జాక్ కూడ నట్లే, గ్నూ కూడ నట్లే. తనను తానే విప్పిచెప్పుకొను పేర్లన్నచో వీరికి మక్కువ.) లాష్ ఊహ సరియైనది. నడుమ నొక పెద్ద కూర్చుండును. ప్రతి ప్రోగ్రామును ఆయనకు తన ఉనికిని తెలుపుకొని, దాచుమన్నప్పుడు దాచవలెను. ఐతే ప్రోగ్రాములను వ్రాయువారిలో కొందరే దీనిని చేర్చిరి. చేర్చినవారిలోను కొందరు సగము చేర్చి విడిచిరి. మేళములో సగముమంది మాత్రమే పిలుపునకు వచ్చిన కచేరి ఎట్లుండునో మీకు తెలియును.

2009, 2010 ప్రాంతములలో నెడ్కో అర్నావుదోవ్ లాడిష్ అను దానిని తెచ్చెను. ఈతడు లోకజ్ఞానము కలవాడు. ప్రోగ్రాములన్నియు ఒకే విధముగా మాట వినవని యెరిగి, వానికి అంతస్తులు ఏర్పరచెను. ఏమియు తెలియని ప్రోగ్రామునకు తీగలైనను మరల కలిపిపెట్టును. ఒక సంజ్ఞ యిచ్చినచో దాచుకొన నేర్చినది పై మెట్టు. లాష్ భాష తెలిసినది దానికిని పై మెట్టు. తెలివైన యేర్పాటే. కాని లాడిష్ నడుచుటకు జాక్‌ను డి-బస్ అను వేరొక మార్గమున నడుపు కూర్పు ఉండవలెను. ఆనాడు జాక్‌కే రెండు శాఖలుండెను: మొదటిది పాల్ డేవిస్‌ది, రెండవది ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున గ్రామ్ అను సంగీత సంస్థలో పనిచేయు స్తెఫాన్ లెట్జ్‌ది. కొందరు మొదటిదానిని, కొందరు రెండవదానిని నమ్ముకొనియుండిరి. ఇంటి పునాదిలోనే రెండు పక్షములున్నప్పుడు పై యంతస్తు ఎవరికి నచ్చును?

అదే ప్రాంతమున, 2010లో, టార్బెన్ హోన్ మరియొక దారి చూపెను. వేరు పెద్ద యెందుకు, జాక్ ద్వారానే దాచుమని చెప్పవచ్చును గదా యని జాక్ సెషన్ అనుదానిని చేర్చెను. చేర్చుట సులభము, చాల ప్రోగ్రాములు త్వరలోనే చేరినవి. లోపమేమనగా జాక్‌తో సంబంధము లేని ప్రోగ్రాము ఆ పిలుపును వినలేదు. స్వరములు వ్రాసికొను ప్రోగ్రాము, పాట పుస్తకము చూపు ప్రోగ్రాము నాదము పుట్టింపవు గనుక వెలియైనవి. కొంతకాలమునకు జాక్ నడుపువారే తమ వివరణలో, ఈ మార్గమును ఇక విడువుడు, ఎన్. ఎస్. ఎం. వాడుడు అని వ్రాసిరి. తాము పెంచిన బిడ్డను కాదని పొరుగింటి బిడ్డను మెచ్చుకొనుటకు నిజాయితీ కావలెను. ఆ మాట నాకు మిక్కిలి నచ్చినది.

ఆ పొరుగింటి బిడ్డ 2012లో వచ్చెను. దానిని వ్రాసినవాడు జోనాథన్ మూర్ లైల్స్. నాన్ అను పేర ఆయన రికార్డింగు ప్రోగ్రామును, మిక్సరును, సీక్వెన్సరును వ్రాసి, వానిని ఒక త్రాటిపై నడుపుటకు నాన్ సెషన్ మేనేజరును కూర్చెను. పొడి అక్షరములలో ఎన్. ఎస్. ఎం. దీని విశేషమంతయు ప్రోగ్రాముతో చేసికొను ఒడంబడికలో నున్నది గనుక, కొంచెము నిలిచి చెప్పెదను.

పాతకాలపు కరణముగారి యింట దస్త్రములు చూచితిరి గదా. ఒక్కొక్క యేటి లెక్క ఒక్కొక్క గుడ్డలో ముడివేసి యుండెడిది. అడంగలు వేరొక యింట, రసీదులు వేరొక యటుకపైన నుండినచో జమాబందినాడు ఏమగునో ఊహింపుడు. ఎన్. ఎస్. ఎం. చేసిన పని యదే. ఒక పాటకు ఒక ఫోల్డరు. మేనేజరు ప్రతి ప్రోగ్రామును తానే లేపును. లేచిన ప్రోగ్రాము, "నేను ఫలానా, నాకు ఇవి చేతనగును" అని తెలుపుకొనును. మేనేజరు దానికి ఒక గుర్తు నిచ్చి, ఆ పాట ఫోల్డరులోనే ఒక చోటు చూపి, "నీ సామానంతయు ఇందే ఉంచుము, బయట ఎక్కడను ఉంచకుము" అని చెప్పును. దాచుమనగా దాచవలెను, దాచితినని బదులు చెప్పవలెను. ప్రక్కనే జాక్‌ప్యాచ్ అను చిన్న ప్రోగ్రామొకటి ఏ తీగ ఎక్కడ కలిసినదో వ్రాసికొని, మరునాడు మరల కలుపును. ఈ మాటలన్నియు ఓపెన్ సౌండ్ కంట్రోల్ అను సంజ్ఞాభాషలో నడచును. ఆ భాష 1997లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సంగీత పరిశోధనాలయములో మాట్ రైట్, ఏడ్రియన్ ఫ్రీడ్ అనువారు వాద్యయంత్రములకై కల్పించినది. నాదముతో సంబంధము లేని ప్రోగ్రాము కూడ దీనిని మాటలాడవచ్చును. కావున జాక్ సెషన్ నాటి వెలి తొలగినది.

చివరకు ఫోల్డరులో మిగులు పట్టిక మామూలు అక్షరములలో వ్రాసిన చిన్న కాగితమువంటిది. పంక్తికొక ప్రోగ్రాము: పేరు, పిలువవలసిన పేరు, గుర్తు. అంతే. ఏ సాధనము లేనివాడును దానిని తెరచి చదువుకొనవచ్చును.

ఈ యొడంబడికలో కష్టము లేకపోలేదు. మేనేజరు క్రింద నడచునంతసేపు ప్రోగ్రాము తన "తెరువుము", "క్రొత్తది", "వేరు పేర దాచుము" అను మీటలను మూసికొనవలెను; లేనిచో వాడువాడు పొరపాటున వేరొక పాట ఫైలును లాగుకొని వచ్చి మూటను చెరుపును. ఇది ప్రోగ్రాములు వ్రాయు కొందరికి కంటగింపయ్యెను. మా యింట మా తలుపు మూయుమనుటకు ఈతడెవడు అన్నట్లుండెను. కాని ఒడంబడిక పొట్టిది, స్పష్టమైనది. ఒక నేర్పరి కొద్ది శ్రమతో తన ప్రోగ్రామునకు చేర్చవచ్చును. ఆర్డోర్ చేరెను, క్యూట్రాక్టర్, హైడ్రోజన్, జిన్-యాడ్-సబ్-ఎఫెక్స్, కార్లా మొదలగునవి చేరినవి. నా యభిప్రాయమున లాడిష్ ఎక్కువ తెలివిగలది. ఐనను జనులు తెలివికంటె పాటింపదగిన నియమమునే ఎన్నుకొనిరి. సగముగా పాటించుటకు వీలు లేకపోవుటయే ఎన్. ఎస్. ఎం. బలము.

ఇంతవరకు ఎన్నుకొనుట. ఇక మూటగట్టుట. ఇది వినుటకు చప్పగా నుండును గాని, కథలో మెలిక యిచ్చటనే యున్నది.

ప్రోగ్రాము వ్రాసినంతమాత్రమున జనులకు అందదు. దానిని యంత్రమునకు పనికివచ్చునట్లు కట్టి, దానికి తోడు కావలసిన యితర ప్రోగ్రాములేవో చీటి వ్రాసి, వాని హక్కుల పత్రమును పరిశీలించి, ఒక మూటగా చేయవలెను. దానినే ప్యాకేజి యందురు. 1993లో ఇయన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్ అను సంస్థలో ఈ పనిని స్వచ్ఛందసేవకులు చేయుచున్నారు. అక్కడ క్రొత్త మూట ద్వారము దాటుటకు ముందు ప్రతి ఫైలు యొక్క హక్కులను పరీక్షింతురు. సంగీతపు మూటలకై ప్రత్యేకముగా శ్రమించినవారును కలరు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు సంగీత కేంద్రమునుండి ఫెర్నాండో లోపెజ్-లెజ్కానో ప్లానెట్ సీకర్మా అను పేర 2001 నుండి మూటలు కట్టి పంచెను. ఐరోపా దేశముల సంఘము ధనసహాయముతో అగ్నూలా అను ప్రయత్నము 2002లో మొదలై డెబియన్‌పై సంగీతకారుల కూర్పు నొకటి సిద్ధపరచెను. 2007లో ఉబుంటు స్టూడియో వచ్చెను. ఫిలిపె కొయెల్యో నడిపిన కే-ఎక్స్-స్టూడియోలో లాడిష్‌నకు క్లాడియా అను ముఖద్వారమును కట్టిరి. నాబోటివాడు ఇంట కూర్చుండి ఒక్క ఆజ్ఞతో మేళమంతయు తెప్పించుకొనగలుగుట వీరి చలువయే.

నాన్ సెషన్ మేనేజరును మూటగట్టబోయినవారికి చిక్కులు ఎదురైనవి. లైల్స్ తన ప్రోగ్రాముల ముఖచిత్రణకై, ఎల్లరు వాడు ఎఫ్. ఎల్. టి. కె. అను గ్రంథాలయమును తన రుచికి మార్చి, ఎన్. టి. కె. అని వేరుగా చేసికొనెను. చూచుటకు అది ముచ్చటగానే యుండెను. కాని మేనేజరు మూట కావలెనన్నచో ముందు ఎన్. టి. కె. మూట కావలెను, దానిని వాడు ఇతరులు బహు కొద్దిమంది. ఒక్క అల్లుని కొరకు ఒక వంటవానిని పోషించినట్లుండెను. రెండవది, మేనేజరు తక్కిన నాన్ ప్రోగ్రాములతో ఒకే గాదెలో కలిసియుండెను. మూడవది, వానిని కట్టుటకు వాడిన వాఫ్ అను సాధనము తనలో నొక భాగమును చదువరాని పొట్లముగా చుట్టుకొని తెచ్చును. డెబియన్‌వారికి ఇది సరిపడదు. వ్రాత యంతయు చదువదగినదై యుండవలెనని వారి నియమము. ఈ మూడును చిన్నవే. వీనివలన మేనేజరు పనితనమునకు వచ్చిన లోపమేమియు లేదు. ఐనను మూటలు కట్టువాడు జీతము లేని మనిషి. సాయంకాలము రెండు గంటలు దొరకినప్పుడు చేయును. చిక్కులు మూడున్న మూటను ప్రక్కనుంచి, చిక్కు లేని మూటను ఎత్తుకొనును.

2020లో ఈ ముడి విప్పుటకు నిల్స్ హిల్‌బ్రిష్ట్ ముందుకు వచ్చెను. ఆయన తానును సంగీత ప్రోగ్రాములు వ్రాయువాడే. హక్కుల పత్రము ప్రకారము లైల్స్ వ్రాతను తీసికొని, లినక్సు ఆడియో సంఘము నీడన న్యూ సెషన్ మేనేజరు అను పేర శాఖను మొదలిడెను. నాన్ పోయి న్యూ వచ్చినను పొడి అక్షరములు మారలేదని గమనింపుడు! ఎన్. ఎస్. ఎం. ఎన్. ఎస్. ఎం.గానే నిలిచినది. పాత మేనేజరున్న చోట దీనిని పెట్టినచో ప్రోగ్రాములకు భేదమే తెలియరాదని ప్రతిజ్ఞ. ఎన్. టి. కె. తీసివేసి మరల ఎఫ్. ఎల్. టి. కె. పెట్టిరి. వాఫ్ తీసివేసి, మూటలు కట్టువారికి చిరపరిచితమైన మెసాన్ పెట్టిరి. మేనేజరును తక్కిన నాన్ ప్రోగ్రాములనుండి విడదీసిరి. తమ యుద్దేశములను వరుసగా వ్రాసి ప్రకటించిరి. అందు మూటగట్టుట సులభము కావలెననునది యొకటి. ఈ ప్రోగ్రాము ఒకనాడు అంతర్జాలమునుండి మాయము కాకుండ కాపాడవలెననునది మరియొకటి. క్రొత్త సొగసులు చేర్చుటలో తాము పిసినారులమని కూడ చెప్పుకొనిరి.

శాఖ చీల్చుట సున్నితమైన పని. మీ యూళ్లలో భజన సమాజము రెండైనప్పుడు హార్మోనియము ఎవరిది, పేరెవరిది అను తగవు వచ్చుట చూచియే యుందురు. ఇచ్చట వ్రాత అందరిది గనుక హార్మోనియము తగవు లేదు, ఇరువురును వాయించుకొనవచ్చును. కాని మనసున్నది గదా. పదిరెండ్లు పెంచిన చెట్టునుండి కొమ్మ నరికి పొరుగువాడు నాటుకొన్నచో, చెట్టు తరుగకపోయినను నాటినవానికి గ్రుచ్చుకొనుట సహజము. స్వేచ్ఛా పత్రము నరుకుటకు హక్కు నిచ్చును, మర్యాద నేర్పదు. అది వేరుగా నేర్చుకొనవలెను. ఒక్కటి మాత్రము మెచ్చవలెను: క్రొత్తవారు ఒడంబడికను మార్చలేదు. మార్చియుండిరేని లాష్ కథయే మరల జరిగియుండును.

మూటలలో నొక సూక్ష్మమున్నది. పాత మేనేజరును, క్రొత్త మేనేజరును లోపల నడపు ప్రోగ్రామునకు ఒకే పేరు, ఎన్-ఎస్-ఎం-డి. ఒకే యంత్రములో ఒకే చోట ఒకే పేరుగల ఫైళ్లు రెండుండరాదు. కావున మూటపై చీటిలో, "ఇది దానికి విరోధి, దీనిని పెట్టునప్పుడు దానిని తీయుడు" అని వ్రాయవలెను. ఈ చీటి మరచినచో నడుమ దారిలో మూటలు రెండును ఇరుక్కొనును. చూడుడు, ఎంత పెద్ద కథకైనను ఇట్టి చీటి యొకటి కావలెను.

ఎన్నుకొనువారిని తడబరచు సంగతి వేరొకటి కలదు. సెషన్ మేనేజరు అను మాట మూడు చోట్ల మూడు విధముల వాడుదురు. మీరు కంప్యూటరులో పేరు, సంకేతపదము ఇచ్చి లోనికి పోగానే తెర నమర్చునది యొక సెషన్ మేనేజరు. రెండవది క్రొత్తది. విమ్ టైమన్స్ ఆరంభించిన పైప్‌వైర్ అనునది ఇండ్లలోని మామూలు ధ్వనికిని, సంగీతకారుల జాక్‌కును ఒకే దారి వేసెను. 2021లో ఫెడోరా 34వ కూర్పు దానిని ప్రధానముగా స్వీకరించెను. దానికి తోడుగా వచ్చు వైర్‌ప్లంబరును కూడ సెషన్ మేనేజరు అనియే పిలుతురు. ఏ ధ్వని ఏ స్పీకరునకు పోవలెనో అది నిర్ణయించును. మీ పాటను దాచదు. మూడవది మన కథానాయకుడు. పేరు చూచి మూట తెప్పించుకొని, "నా పాట దాచలేదేమి?" అని వాపోయినవారిని నేనెరుగుదును. పైప్‌వైర్ వచ్చిన తరువాత ఎన్. ఎస్. ఎం. పని తీరిపోయినదనుటయు సరికాదు. పైప్‌వైర్ జాక్ భాషను మాటలాడును గనుక, దానిపై ఎన్. ఎస్. ఎం. యథాప్రకారము నడచును.

ఒడంబడిక ఒకటైనందున ముఖద్వారములు ఎన్నియైనను ఉండవచ్చును. రే సెషన్ అనునది తీగల పటమును కంటికింపుగా చూపును. ఒడంబడిక తెలియని ప్రోగ్రాములను కూడ కొంత లొంగదీయును. నేను క్రొత్తవారికి దీనినే చూపుచుందును. హిల్‌బ్రిష్ట్ వ్రాసిన అగోర్దెయో వేరొకటి; ఆ పేరు ఎస్పరాంటో భాషలోనిది, శ్రుతి చేయు చోటు అని చెప్పుకొనవచ్చును. సభలలో ఒక పాటనుండి మరియొక పాటకు వెంటవెంటనే మారవలసినవారికి, ప్రోగ్రాములను ఆర్పకయే పాట మార్చు వీలు ఎన్. ఎస్. ఎం. ఒడంబడికలోనే యున్నది.

ఏ మేనేజరైనను తీర్చలేని చిక్కొకటి మిగిలియున్నది. అది పాటను దాచును గాని వాద్యములను దాచదు. పదేండ్ల తరువాత మూట తెరచినప్పుడు, ఆనాటి ప్రోగ్రాములకు మూటలు కట్టువారు ఇంకను ఉండవలెను. వాయించువాడుండి మృదంగమునకు తోలు దొరకనిచో కచేరి లేదు.

2021లో నేను ఆ వృద్ధుని తత్త్వములను మరల తీసి, క్రొత్త మేనేజరు క్రింద అమర్చితిని. పాత మంటపము రాలేదు; దానికి దగ్గరగా నొకటి కుదిరినది. ఆ పెద్దవారి కుమారుడు విని, "నాయన గొంతే" అనెను. అంతకుమించి యేమియు అనలేదు. పట్టికలో నాలుగు పంక్తులు నిలిచినవి: రికార్డింగు ప్రోగ్రామునకు ఒకటి, శ్రుతికి ఒకటి, ప్రతిధ్వనికి ఒకటి, తీగలకు ఒకటి. రెండేండ్లకు నా కంప్యూటరు వ్యవస్థను క్రొత్త కూర్పునకు మార్చితిని. ఆ సాయంకాలము పాట తెరువగా మూడు ప్రోగ్రాములే లేచినవి. నా గుండె ఝల్లుమనెను. పట్టికను విప్పి చదివితిని. రికార్డింగు ప్రోగ్రాము తన పేరు చివర కూర్పు అంకెను తగిలించుకొనునట్టిది. నా పట్టికలో 6 ఉన్నది, క్రొత్త మూటలో వచ్చినది 7. ఆరు చెరిపి ఏడు వ్రాసితిని. ఏకతార మీటినది.